అల్లోసారస్ ఎలా బతికిందో ఎముకల నుంచి రాబట్టడం ఎలా

పెద్ద మాంసాహారి డైనోసార్ గురించి వ్యాసం రాయాలన్నా, బొమ్మ గీయాలన్నా, తరగతిలో పాఠం చెప్పాలన్నా మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. ఆ జంతువును కళ్లారా చూసినవారు ఎవరూ లేరు, అయినా దాని వేట గురించీ తిండి గురించీ నడక గురించీ పుస్తకాలు ఎంతో ధీమాగా చెబుతాయి. ఆ ధీమాలో ఎముక చెప్పినది ఎంత, రచయిత కలిపినది ఎంత అని విడదీయడం కొంత ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. ఆ విధానాన్ని జురాసిక్ యుగం చివరి భాగంలో జీవించిన అల్లోసారస్‌ను తీసుకుని ఇక్కడ వివరిస్తాను. టైరనోసారస్‌ను వదిలి దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అల్లోసారస్ ఎముకలు పెద్ద సంఖ్యలో దొరికాయి, వాటిలో గాయాల గుర్తులు ఉన్నవి చాలా ఉన్నాయి, పైగా వెండితెర ఊహలు దాని మీద అంత దట్టంగా పేరుకోలేదు.

ముందుగా మూడు గడులు

కాగితం మీద మూడు నిలువు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో ఆ శరీరం ఏం చేయగలదో రాయాలి. పళ్ల ఆకారం, కాళ్ల పొడవు, మెడ కండరాలు అతుక్కున్న చోట్లు దీని కిందికి వస్తాయి. రెండో గడిలో ఆ జంతువుకు బతికి ఉండగా నిజంగా జరిగినవి రాయాలి. విరిగి మానిన ఎముక, చీము పట్టిన ఎముక, శత్రువు పొడిచిన రంధ్రం ఇందులో చేరతాయి. మూడో గడి చచ్చిపోయాక జరిగినవాటికి కేటాయించాలి. శవం ఎక్కడికి కొట్టుకుపోయింది, ఎవరు పీక్కుతిన్నారు, ఎంత త్వరగా మట్టి కప్పింది అన్నవి ఇక్కడ రాయాలి. డైనోసార్ల గురించి చలామణిలో ఉన్న పొరపాటు మాటలు చాలావరకు ఒక గడిలోని సంగతిని మరో గడిలోకి జరపడం వల్ల పుట్టినవే. పదునైన పళ్లున్నాయి కాబట్టి ఫలానా జంతువును వేటాడింది అనడం మొదటి గడిని రెండో గడిగా చూపడమే అవుతుంది. ఒకేచోట చాలా ఎముకలు దొరికాయి కాబట్టి అవి గుంపుగా తిరిగాయి అనడం మూడో గడికి చెందిన సంగతితో రెండో గడిని నింపడం అవుతుంది.

నమూనా, కాలం, పొర

తరువాత చేయవలసినది ఏ అస్థిపంజరం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడం. అల్లోసారస్ ఫ్రాజిలిస్ అనే పేరును 1877లో అమెరికా శిలాజ శాస్త్రజ్ఞుడు ఆత్నియల్ మార్ష్ పెట్టాడు. కొలరాడోలో దొరికిన కొద్దిపాటి ఎముక ముక్కలే అప్పటికి ఆయన చేతిలో ఉన్న ఆధారం. ఇప్పుడు అదే ప్రజాతిలో ఒకటికి మించి జాతులను గుర్తించారు, 2020లో అల్లోసారస్ జిమ్‌మాడ్సెనై అనే మరో జాతిని లాంఛనంగా వర్ణించారు. అందుచేత ‘అల్లోసారస్ పుర్రె ఇలా ఉంటుంది’ అని రాసే ముందు అది ఏ జాతిదో, ఏ నమూనాదో చూడాలి. మ్యూజియంలలో నిలబెట్టిన అస్థిపంజరాల్లో అసలు ఎముకల పక్కనే పోతపోసిన నకళ్లు కూడా ఉంటాయి. కొన్ని చోట్ల వేర్వేరు జంతువుల ఎముకలను కలిపి ఒకే ఆకారంగా నిలబెడతారు. వివరణ ఫలకం మీద ఆ వివరం ఉంటే దాన్నే మొదట చదవాలి, లేకపోతే ఆ అస్థిపంజరం నుంచి నిష్పత్తులు తీసుకోకపోవడం మంచిది.

కాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అల్లోసారస్ ఎముకలు ప్రధానంగా పశ్చిమ అమెరికాలోని మోరిసన్ శిలాసమూహంలో దొరుకుతాయి, వాటి వయసు సుమారు 15 కోట్ల సంవత్సరాలు. పోర్చుగల్‌లోనూ ఈ ప్రజాతి ఎముకలు దొరికాయి. టైరనోసారస్ భూమి మీద తిరిగింది 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన క్రెటేషస్ యుగం చివరి దశలో. అంటే ఈ రెండింటి మధ్య ఎనిమిది కోట్ల సంవత్సరాలకు పైగా ఎడం ఉంది, వాటిని ఒకే బొమ్మలో చూపడం కుదరదు. మోరిసన్ ప్రాంతంలో అప్పట్లో వానాకాలం, ఎండాకాలం స్పష్టంగా వేరుగా ఉండేవి. నదుల ఒడ్డున శంఖాకార వృక్షాలు, ఈతచెట్టులా కనిపించే సైకడ్లు, ఫెర్న్ మొక్కలు పెరిగేవి. గడ్డి అప్పటికి పుట్టనే లేదు. పచ్చిక బయలులో పరుగెత్తుతున్న అల్లోసారస్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా తప్పు బొమ్మే. చుట్టూ తిరిగిన జంతువుల జాబితా కూడా ఈ పొర నుంచే తీసుకోవాలి. శాకాహారుల్లో స్టెగోసారస్, కాంప్టోసారస్, డ్రయోసారస్, కామరాసారస్, అపటోసారస్, డిప్లోడోకస్ ఉండేవి. మాంసాహారుల్లో సెరటోసారస్, టోర్వోసారస్ పోటీదారులుగా ఉండేవి.

కొలతలు, వాటిలోని తడబాటు

పెద్ద అల్లోసారస్‌ల పొడవు ఎనిమిదిన్నర మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పొడవును నేరుగా కొలవవచ్చు, బరువును మాత్రం లెక్కగట్టాలి. రెండు కాళ్ల మీద నడిచే జంతువులకు 1985 నుంచి వాడుకలో ఉన్న ఒక పద్ధతి తొడ ఎముక నడిమి చుట్టుకొలత మీద ఆధారపడుతుంది. ఆ చుట్టుకొలతను మిల్లీమీటర్లలో తీసుకుని, దానికి 2.73 ఘాతం కట్టి, వచ్చినదాన్ని 0.16తో గుణిస్తే గ్రాముల్లో బరువు వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 400 మిల్లీమీటర్లు అనుకుంటే జవాబు సుమారు 2,000 కిలోలు. ఇక్కడ గమనించవలసినది ఆ జవాబు కంటే అది ఎంత సులభంగా మారిపోతుందన్నది. ఎముక మట్టి బరువుకు నలిగి చుట్టుకొలత 10 శాతం ఎక్కువగా కనిపించినా బరువు దాదాపు 30 శాతం పెరిగిపోతుంది. అందుకే బరువును ఒకే అంకెగా కాక, టన్నున్నర నుంచి రెండు టన్నుల వరకు అన్నట్టు ఒక పరిధిగా చెప్పాలి.

వేగానికి ఎముకల కంటే కాలిముద్రలు మేలైన ఆధారం. మెక్‌నీల్ అలెగ్జాండర్ 1976లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం ముద్ర పొడవుకు నాలుగు రెట్లను తుంటి ఎత్తుగా తీసుకుంటారు. ఒకే పాదం వరుసగా పడిన రెండు ముద్రల మధ్య దూరాన్ని అంగ పొడవుగా కొలుస్తారు. ముద్ర 45 సెంటీమీటర్లు ఉంటే తుంటి ఎత్తు 1.8 మీటర్లు అవుతుంది. అంగ 2.7 మీటర్లు ఉంటే ఆయన సూత్రం ప్రకారం వేగం సెకనుకు రెండు మీటర్లకు కాస్త పైన, అంటే గంటకు ఏడు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువగా వస్తుంది. సూత్రం చేతిలో లేకపోయినా అంగను తుంటి ఎత్తుతో భాగిస్తే సరిపోతుంది. ఫలితం రెండు కంటే తక్కువైతే అది నడక, మూడుకు దగ్గరగానో అంతకు మించో ఉంటే పరుగు. అయితే ముద్ర వేసిన జంతువు పేరు ముద్ర మీద ఉండదు. మూడు వేళ్ల పెద్ద ముద్ర మోరిసన్ పొరలో కనిపిస్తే ‘పెద్ద థెరోపాడ్’ (రెండు కాళ్ల మీద నడిచే, ఎక్కువగా మాంసాహారులైన డైనోసార్ల వర్గం) అనాలి తప్ప అల్లోసారస్ అని తేల్చి చెప్పకూడదు. పైగా మెత్తటి నేల మీద జంతువులు సాధారణంగా నెమ్మదిగానే నడుస్తాయి కాబట్టి ముద్రల్లో కనిపించే వేగం దాని గరిష్ఠ వేగం కాదు.

పుర్రె, మెడ, ఇంద్రియాలు

మొదటి గడిని నింపడానికి పుర్రె కంటే మంచి చోటు లేదు. అల్లోసారస్ పుర్రెలో పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి, ఎముకలు సన్నగా ఉంటాయి. పళ్లు పక్కలకు నొక్కినట్టు పలుచగా, వెనక్కి వంగి, అంచున రంపపు కోరలతో ఉంటాయి, జీవితమంతా రాలుతూ కొత్తవి మొలుస్తూ ఉండేవి. ఇలాంటి పన్ను మాంసాన్ని కోయడానికి అనువైనది, లావుపాటి ఎముకను పిండి చేయడానికి కాదు. ఎమిలీ రేఫీల్డ్ బృందం 2001లో ఒక పుర్రెను సీటీ స్కాన్ చేసి, ఇంజనీర్లు వంతెనల మీద ఒత్తిడిని లెక్కించే తరహాలో దాని మీద లెక్కలు వేసింది. దవడ కండరాలు ఇవ్వగలిగిన కాటు బలం వెనక పళ్ల దగ్గర కూడా రెండు వేల న్యూటన్లకు కాస్త పైనే తేలింది. పుర్రె మాత్రం సుమారు 55,000 న్యూటన్ల నిలువు బలాన్ని తట్టుకోగలదని తేలింది. పోలికకు, టైరనోసారస్ కాటు బలాన్ని 35,000 నుంచి 57,000 న్యూటన్ల వరకు లెక్కగట్టారు.

కాటు అంత తక్కువగా ఉంటే పుర్రెకు ఆ దారుఢ్యం ఎందుకు? పై దవడను గొడ్డలిలా కిందికి దించి కొట్టేదని ఆ బృందం సూచించింది, మరికొందరు ఆ వాదాన్ని వెంటనే ప్రశ్నించారు. 2013లో మెడ కండరాల మీద జరిగిన అధ్యయనం వేరే చిత్రం ఇచ్చింది. ఒక ముఖ్య కండరం పుర్రెకు కాస్త కిందుగా అతుక్కున్నందువల్ల అది తలను వేగంగా వంచి, కొరికి పట్టుకుని, నిటారుగా వెనక్కి లాగి మాంసాన్ని చీల్చగలిగేదని, చిన్న డేగలు తినే తీరు దీనికి దగ్గరగా ఉంటుందని ఆ అధ్యయనం చెప్పింది. నా ఉద్దేశంలో రెండో వివరణే బలమైనది, ఎందుకంటే అది పళ్ల వంపునూ మెడ నిర్మాణాన్నీ ఒకేసారి సమర్థిస్తుంది. పుర్రె బలం ఒక్కటే అది దేనికి వాడబడిందో చెప్పదు. పెనుగులాడే జంతువును పట్టుకున్నప్పుడు వచ్చే కుదుపులను తట్టుకోవడానికి కూడా ఆ బలం పనికివస్తుంది. ఒకే ఎముక నుంచి ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు వేర్వేరు అలవాట్లను ఊహించినప్పుడు, రెండూ మొదటి గడిలోనే ఉండాలి.

మెదడు ఉండే గదిని సీటీ స్కాన్‌లో చూసినప్పుడు దాని ఆకారం మొసలి మెదడుకు దగ్గరగా కనిపించింది, వాసన పసిగట్టే భాగాలు పెద్దవిగా ఉన్నాయి. కళ్లు ఎక్కువగా పక్కలకు తిరిగి ఉండటం వల్ల రెండు కళ్లూ కలిసి చూసే ప్రాంతం ఇంచుమించు 20 డిగ్రీలే ఉండేది. టైరనోసారస్‌కు ఇది 55 డిగ్రీల దాకా ఉండేది. కళ్ల పైన ఉన్న చిన్న కొమ్ముల మీద కొమ్ము పదార్థపు తొడుగు ఉండి ఉంటుంది, పోరాటం కంటే ప్రదర్శనకే అవి పనికివచ్చేలా ఉన్నాయి. చేతుల సంగతి చెప్పాలంటే మూడు వేళ్లు, కొక్కేల్లాంటి గోళ్లు ఉన్నాయి, దొరికినదాన్ని పట్టి ఉంచడానికి అవి చాలు. రంగు గురించి ఆధారం లేదు, బొమ్మ గీసేవారికి అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉంది.

గాయాలను చదవడం

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది, కాబట్టి ఎక్కువ సమయం కూడా ఇక్కడే వెచ్చించాలి. ఎముక మీద గాయం కనిపించగానే అడగవలసిన మొదటి ప్రశ్న అది మానిందా లేదా అని. విరిగిన చోట కొత్త ఎముక గడ్డకట్టి అంచులు నున్నబడి ఉంటే ఆ జంతువు దెబ్బ తిన్న తరువాత కొన్ని వారాలో నెలలో బతికిందని అర్థం. అంచులు పదునుగా ఉంటే చావుకు కాస్త ముందో, చావు తరువాతో, శిలగా మారాక మట్టి బరువుకో విరిగి ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరు చేయడానికి విరిగిన తలం రంగునూ, పగులు పోయిన దిశనూ గమనిస్తారు.

స్టెగోసారస్‌తో జరిగిన ఘర్షణకు ఉన్న సాక్ష్యం ఈ పద్ధతికి మంచి అభ్యాసం. ఒక అల్లోసారస్ తోక పూస పక్కకు పొడుచుకు వచ్చిన భాగంలో గాయం ఉంది. దాని ఆకారం స్టెగోసారస్ తోక ముల్లుతో సరిపోయిందని 2005లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. గాయం చుట్టూ ఎముక తిరిగి పెరిగిన గుర్తులు ఉన్నాయి కాబట్టి ఆ అల్లోసారస్ దెబ్బ తిన్న తరువాత కొంతకాలం బతికింది. అదే అధ్యయనంలో ఒక స్టెగోసారస్ మెడ మీది పలక గురించి కూడా ఉంది. ఆ పలక అంచున అర్ధచంద్రాకారంలో ఊడిపోయిన భాగం అల్లోసారస్ నోటి ముందు భాగంతో సరిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే రెండు జాతులు బతికి ఉండగా ఒకదానికొకటి చేరువలోకి వచ్చి గాయపరుచుకున్నాయని రెండో గడిలో ధైర్యంగా రాయవచ్చు. ముందుగా దాడి చేసింది ఎవరన్నది మాత్రం పూస మీద రాసి లేదు. మాంసాహారి దాడి చేసిందనీ, శాకాహారి తనను కాపాడుకుందనీ అనుకోవడం సబబే గాని, ఆ వాక్యంలో ‘బహుశా’ అనే మాట తప్పకుండా ఉండాలి.

ఒకే జంతువు శరీరం మీద అనేక గాయాలు ఉన్న సందర్భం ఇంకా విలువైనది. వయోమింగ్‌లో 1991లో దొరికిన ‘బిగ్ అల్’ అనే అల్లోసారస్ అస్థిపంజరం దాదాపు పూర్తిగా లభించింది. పొడవు ఎనిమిది మీటర్ల వరకు ఉన్నా అది ఇంకా పూర్తిగా ఎదగని జంతువు. దాని శరీరంలో 19 ఎముకల మీద విరిగిన గుర్తో చీము గుర్తో ఉంది. పక్కటెముకలు, మెడ, వీపు, తోక పూసలు, భుజపుటెముక, చేతి వేలి ఎముక, పాదపు ఎముకలు ఆ జాబితాలో ఉన్నాయి. కుడి పాదం మధ్య వేలికి పట్టిన చీము తీవ్రమైనది. ఎముక ఉబ్బి, దాని ఆకారమే మారిపోయింది. ఇలాంటి జాబితాను చదివేటప్పుడు ప్రతి గాయానికీ ఒక కథ అల్లాలన్న ఉత్సాహం కలుగుతుంది, దాన్ని అదుపులో పెట్టుకోవాలి. విరిగిన పక్కటెముకకు పెద్ద శాకాహారి తోక దెబ్బ కారణం కావచ్చు, తనంతట తాను తూలిపడడం కూడా కావచ్చు. టన్నుకు పైగా బరువుతో రెండు కాళ్ల మీద పరుగెత్తే జంతువుకు పడిపోవడం కూడా చిన్న ప్రమాదం కాదు. కారణం కంటే ఫలితం గురించి గట్టిగా చెప్పవచ్చు. మానిన గాయాలు ఇన్ని ఉన్నాయంటే అది దెబ్బలతోనే నెలల తరబడి బతికింది, ఆ కాలమంతా ఏదో విధంగా తిండి సంపాదించుకుంది.

ఇతర జంతువుల ఎముకల మీద కనిపించే పంటిగాట్లకు మరో ప్రశ్న వేయాలి. ఆ గాటు ఎక్కడ పడింది? మాంసం దండిగా ఉండే తొడ మీద గాట్లు ఉంటే తిన్న జంతువు ముందుగా చేరుకుంది, మాంసం అంతగా లేని వేళ్ల మీదా పాదాల మీదా ఉంటే మిగిలినదాన్ని గీకింది. కొలరాడో పడమటి భాగంలోని మిగాట్-మూర్ తవ్వకం చోట 2,368 ఎముకలను పరిశీలించగా సుమారు 29 శాతం వాటి మీద పంటిగాట్లు కనిపించాయని 2020లో ప్రచురితమైంది. అంత ఎక్కువ నిష్పత్తి డైనోసార్ ఎముకలున్న చోట్ల అరుదు. శవాలు చాలా కాలం మట్టిలో కప్పబడకుండా పడి ఉండటం వల్ల పదేపదే తినడానికి వీలు కలిగి ఉంటుంది. థెరోపాడ్ ఎముకల మీద కూడా గాట్లు ఉన్నాయి, వాటిలో తక్కువ మాంసం ఉండే భాగాలు కూడా చేరి ఉన్నాయి. అక్కడి ప్రధాన పెద్ద మాంసాహారి అల్లోసారస్ కాబట్టి కరువు కాలంలో అది తన జాతి శవాలను కూడా వదల్లేదని ఆ పరిశోధకులు భావించారు. గాటులో రంపపు కోరలు గీసిన సన్నటి సమాంతర గీతలు కనబడితే తిన్నది మొసలి కాదు, థెరోపాడ్ అని చెప్పవచ్చు.

ఎముకల కుప్పల దగ్గర తొందరపడకుండా ఉండటం

యూటా రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్-లాయిడ్ తవ్వకం చోట పది వేలకు పైగా ఎముకలు బయటపడ్డాయి, వాటిలో అత్యధిక భాగం అల్లోసారస్‌వే. ఎన్ని జంతువులో తెలుసుకోవడానికి అన్ని ఎముకలనూ కూడరు, ఒకే వైపున్న ఒకే రకం ఎముకను, ఉదాహరణకు ఎడమ తొడ ఎముకను, లెక్కపెడతారు. అలా చూస్తే అక్కడ కనీసం 46 అల్లోసారస్‌లు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం పూర్తిగా ఎదగనివి. సాధారణంగా ఒక ప్రాంతంలో శాకాహారులు ఎక్కువగా, మాంసాహారులు కొద్దిగా ఉంటాయి. ఇక్కడ అది తలకిందులైంది కాబట్టి వివరణ కావలసి వచ్చింది. బురదలో చిక్కుకున్న జంతువులను తినడానికి వచ్చి మాంసాహారులు కూడా చిక్కుకున్నాయన్నది పాత వివరణ. ఎండిపోతున్న నీటి గుంట చుట్టూ కరువులో చచ్చాయన్నది మరొకటి. వరద నీటిలో శవాలు కొట్టుకువచ్చి కుళ్లుతున్న చెరువులో చేరాయని ఇటీవలి పరిశోధకులు వాదిస్తున్నారు. పంటిగాట్లు చాలా తక్కువగా ఉండటం వారి వాదానికి తోడ్పడుతుంది, ఎందుకంటే విషతుల్యంగా మారిన నీటిలోని శవాల దగ్గరికి ఇతర జంతువులు వచ్చి ఉండవు.

ఈ వివరణల్లో ఏది నిలిచినా గుంపు వేట అన్న మాట వాటిలో దేని నుంచీ రాదు. ఒకేచోట చచ్చినవి కలిసి బతికాయనడానికి వేరే సాక్ష్యం కావాలి, ఉదాహరణకు ఒకే వేగంతో పక్కపక్కన సాగిన కాలిముద్రల వరుసలు. అల్లోసారస్ విషయంలో అలాంటిది లేదు. తోడేళ్ల మందలా వేటాడిందని రాసిన వ్యాసం కనిపిస్తే ఆ వాక్యానికి ఆధారం ఈ కుప్పేనా అని చూడాలి, ఎక్కువసార్లు అదే అవుతుంది.

వయసు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఎముకను పలుచని బిళ్లగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏటికొక గీత కనిపిస్తుంది. వాటి ఆధారంగా అల్లోసారస్ సుమారు 15 ఏళ్ల వయసులో అత్యంత వేగంగా పెరిగేదనీ, 22 నుంచి 28 ఏళ్లు బతికి ఉండవచ్చనీ అంచనా వేశారు. క్లీవ్‌లాండ్-లాయిడ్ నుంచే వచ్చిన ఒక కాలి ఎముకలో, గుడ్లు పెట్టే పక్షుల్లో ఏర్పడే ప్రత్యేక కణజాలం ఉన్నట్టు 2008లో గుర్తించారు. ఆ జంతువు వయసు పదేళ్లు. ఈ గుర్తింపు సరైనదైతే అల్లోసారస్ పూర్తిగా ఎదగక ముందే గుడ్లు పెట్టేదన్నమాట. అయితే కొన్ని ఎముక జబ్బుల్లోనూ అలాంటి కణజాలం రావచ్చు కాబట్టి ‘గుర్తించారు’ అన్న చోట ‘అది అదే’ అని రాయకూడదు.

వాక్యం రాసేటప్పుడు

గడులు నిండాక వాటిని వాక్యాలుగా మార్చడం సులభమే గాని, క్రియల విషయంలో కఠినంగా ఉండాలి. మొదటి గడి నుంచి వచ్చిన వాక్యం ‘చేయగలిగేది’ అనే రూపంలో, రెండో గడి నుంచి వచ్చినది ‘జరిగింది’ అనే రూపంలో ఉండాలి. మూడో గడికి చెందిన వాక్యంలో శవమో ఎముకో కర్తగా ఉండాలి. ప్రతి వాక్యం కింద ఏ ఎముక, ఏ చోటు, ఏ సంవత్సరం అన్న మూడు వివరాలను చిత్తుప్రతిలో రాసుకుని, రాయలేకపోతే ఆ వాక్యాన్ని కొట్టివేయాలి.

బిగ్ అల్ గురించి ఈ పద్ధతిలో రాసిన పేరా ఇలా ఉంటుంది. ‘ఇంకా ఎదుగుతున్న ఈ అల్లోసారస్‌కు పక్కటెముకలు విరిగి మానాయి. తరువాత, లేదా దాదాపు అదే కాలంలో, కుడి పాదం మధ్య వేలికి చీము పట్టింది, అది ఎముకను మార్చేంత కాలం నిలిచింది. ఆ పాదం మీద పూర్తి బరువు మోపడం దానికి కష్టమై ఉంటుంది. బహుశా పెద్ద జంతువును వెంటాడలేకపోయి ఉంటుంది. దాని శవాన్ని మట్టి త్వరగా కప్పింది, అందుకే ఎముకలు చెదిరిపోకుండా దొరికాయి.’ ఈ పేరాలో వేట దృశ్యం లేదు, గర్జన లేదు, శత్రువు పేరు లేదు. చావుకు కారణం ఫలానా అని కూడా లేదు, ఎందుకంటే చీము పట్టిన వేలు చావుకు దారి తీసిందో, చావు వచ్చేసరికి కేవలం ఉండి ఉందో ఆ వేలి ఎముక ఒక్కటే తేల్చలేదు. ఇదే పేరాను వేరే నమూనా మీద రాయాలంటే, ఉదాహరణకు స్టెగోసారస్ ముల్లు తగిలిన ఆ తోక పూస మీద, ముందుగా గాయం మానిన తీరు నుంచి మొదలుపెట్టి, కలిసిన రెండు ఆకారాల పోలికను రెండో వాక్యంగా ఉంచి, దాడి ఎవరిదన్న ఊహను చివరి వాక్యానికి వాయిదా వేయాలి.